వందేళ్ల ఇంట్లో ఆవిరి రేడియేటర్లు: రాత్రంతా మోత, ఉంచుకోవాలా, తీసేయించాలా?

కొత్తగడప (న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. గత వేసవిలో మేము 1924లో కట్టిన ఇల్లు కొన్నాము. గదికొకటి చొప్పున పోత ఇనుప రేడియేటర్లు, బేస్‌మెంటులో గ్యాసుతో నడిచే ఆవిరి బాయిలరు ఉన్నాయి. కొనేటప్పుడు రేడియేటర్ల మీది పూలతీగల నగిషీ చూసి ముచ్చటపడ్డాము గాని, నవంబరులో బాయిలరు మొదటిసారి వెలిగిన రాత్రి గొట్టాలను ఎవరో సుత్తితో బాదుతున్నంత మోత వచ్చింది. మా అత్తగారు దొంగలు పడ్డారనుకుని లేచి ఇల్లంతా లైట్లు వేశారు. చూడడానికి వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన పది నిమిషాలైనా బేస్‌మెంటులో నిలబడకుండా, మొత్తం పీకించి వేడిగాలి డక్టులు వేయించుకోవాలని తేల్చేశారు. ప్రతి రేడియేటరుకూ ఒక్క గొట్టమే ఉంది. పడకగదిలో మరీ ఉక్కగా ఉంటోందని అక్కడి వాల్వును సగం మూసి ఉంచాము. మోత ఎక్కువగా వస్తున్నదీ అక్కడే. ఇలాంటి ఇళ్లలో ఉంటున్నవారు తమ అనుభవాలు చెప్పగలరు.

ఆవిరికుడుము (మసాచుసెట్స్):
కొత్తగడప గారూ, మీ చివరి నాలుగు వాక్యాల్లోనే జవాబు సగం ఉంది. ఒంటి గొట్టం పద్ధతిలో ఆవిరి పైకెక్కేదీ, అది రేడియేటరులో వేడిని వదిలి నీరై కిందికి దిగేదీ ఆ ఒక్క గొట్టంలోనే, ఆ ఒక్క వాల్వు గుండానే. వాల్వును సగం మూస్తే దిగే నీరు, ఎక్కే ఆవిరి ఇరుకు సందులో ఎదురుపడతాయి. అక్కడ నిలిచిన నీటిని ఆవిరి విసురుగా తోసుకుపోయి ఇనుముకేసి కొడుతుంది. మీరు విన్న సుత్తి దెబ్బ అదే. కాబట్టి ఆ వాల్వు పూర్తిగా తెరిచైనా ఉండాలి, పూర్తిగా మూసైనా ఉండాలి. గదిలో వేడి తగ్గించాలంటే రేడియేటరు రెండో చివరన ఉండే ఎయిర్ వెంటును మార్చుకోవాలి. అది గాలిని ఎంత నెమ్మదిగా వదిలితే ఆవిరి అంత నెమ్మదిగా లోపలికి వస్తుంది. రేడియేటరుకూ వెంటుకూ మధ్య బిగించే, గది వేడిని బట్టి తమంతట తామే మూసుకునే థర్మోస్టాటిక్ వాల్వులు కూడా దొరుకుతాయి.

తరువాత చూడవలసింది వాలు. రేడియేటరు వాల్వు వైపుకు కొద్దిగా ఒరిగి ఉంటేనే నీరు వెనక్కి పోతుంది. ఈ ఇళ్లలో వందల పౌండ్ల ఇనుము దశాబ్దాల పాటు ఒకేచోట కూర్చుని నేలను కుంగదీస్తుంది గనుక వాలు తిరగబడి ఉండడం మామూలే. రసమట్టం పెట్టి చూసి, అవసరమైతే వెంటు వైపు కాళ్ల కింద పలుచటి పలకలు దోపండి. మా ఇంట్లో అన్ని రేడియేటర్లూ సరిచేసినా మోత ఆగలేదు. చివరకు బేస్‌మెంటు కప్పుకు గొట్టాన్ని వేలాడదీసిన కొక్కెం ఒకటి ఊడిపోయి, గొట్టం బొజ్జలా కిందికి దిగి, అందులో నీరు నిలుస్తోందని తేలింది. దానిని పట్టుకోవడానికి మాకు ఒక శీతాకాలమంతా పట్టింది.

ఇక పీడనం. మన ప్రెషర్ కుక్కరులో దాదాపు 15 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనం ఉంటుంది; ఇంటిని వెచ్చబెట్టే ఆవిరికి 2 పీఎస్ఐ కూడా అక్కరలేదు. ఈ వ్యవస్థ కుక్కరుకన్నా ఇడ్లీ పాత్రకు దగ్గరి చుట్టం. అయినా ఏదో గది చల్లగా ఉందని పాత యజమానులెవరో బాయిలరు మీద పీడనాన్ని అదుపుచేసే ప్రెషర్‌ట్రోల్‌ను పెంచిపెట్టి ఉంటారు. దానివల్ల గ్యాసు బిల్లు, వెంట్ల బుసలు పెరగడమే తప్ప ఆవిరి త్వరగా చేరదు. సర్వీసుకు వచ్చే మనిషితో ఒకసారి చూపించండి.

వేణ్ణీళ్లబావి (పిట్స్‌బర్గ్):
మా ఇంట్లో ఏటా అక్టోబరులో చిన్న తాళంచెవితో ప్రతి రేడియేటరులోని గాలీ తీసేస్తాము. మీరూ అలా చేసి చూడండి.

ఆవిరికుడుము:
అది వేణ్ణీళ్లతో నడిచే రేడియేటర్లకు చేసే పని. ఆవిరి వెంటు గాలిని తనంతట తానే వదిలి, ఆవిరి తగలగానే మూసుకుంటుంది. వేణ్ణీళ్ల రేడియేటరుకు రెండు గొట్టాలుంటాయి, దాని సెక్షన్లు పైనా కిందా కూడా కలిసి ఉంటాయి. పాత ఆవిరి రేడియేటర్లలో చాలావాటికి ఆ కలయిక కిందనే ఉంటుంది. అందుకే ఆవిరి తీసేసి వేణ్ణీళ్లకు మారతామన్నా అన్నీ పనికిరావు.

వేణ్ణీళ్లబావి:
సరిదిద్దినందుకు ధన్యవాదాలు. మా ఇంట్లో గొట్టాలు పిడికిటికి అందనంత లావు. పంపులు లేని రోజుల్లో వేడెక్కిన నీరు తేలికై పైకి, చల్లారినది బరువై కిందికి తనంతట తిరిగేది కాబట్టి అలా వేశారట. వ్యాకోచించే నీటికోసం పెట్టిన తొట్టి ఇప్పటికీ అటక మీద ఉంది. మా పొరపాటు కూడా చెబుతాను: సంక్రాంతికి ఊరెళ్తూ ఖర్చు కలిసొస్తుందని హీటింగు పూర్తిగా ఆపేశాము. తిరిగి వచ్చేసరికి నీరు గడ్డకట్టి రెండు రేడియేటర్లు పగిలి ఉన్నాయి.

నల్లబొగ్గు (షికాగో):
పాతవన్నీ కాపాడుకోవాలనే మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. రేడియేటర్లు వందేళ్లయినా ఉంటాయి, బాయిలరు ఉండదు. ఒకరోజు మా బాయిలరు పక్కనున్న గాజు గొట్టంలో నీరు కనిపించకపోతే, కంగారులో వెంటనే చన్నీళ్లు వదిలాను. కాగిపోయి ఉన్న పోత ఇనుము ఠప్పున పగిలింది. మంట ఆపి, పూర్తిగా చల్లారేదాకా ఆగవలసింది. నీరు తగ్గితే మంటను ఆర్పవలసిన లో వాటర్ కటాఫ్ మాకు నీటి మీద తేలే బిళ్లతో పనిచేసే రకం. వారానికొకసారి అందులోని మురికి నీటిని బకెట్లోకి వదలాలని తెలిసి కూడా నేను బద్ధకించాను, తుప్పు పేరుకుని అది పని చేయలేదు.

కొత్తది పెట్టడానికి వచ్చినవారు పాత బాయిలరు మీది అంకె చూసి అంతే పెద్దది పెట్టబోయారు. ఆవిరికి లెక్క రేడియేటర్ల నుంచి రావాలి: రేడియేటరు సామర్థ్యాన్ని చెప్పే ఒక చదరపు అడుగు రేడియేషను అంటే గంటకు 240 బీటీయూలు (బీటీయూ వేడికి కొలత). మా ఇంట్లో ఎప్పుడో మూడు రేడియేటర్లు తీసేసి ఉన్నారు కాబట్టి, అన్నీ కొలిచి కూడితే అంతకన్నా చిన్న బాయిలరే సరిపోయింది.

పాతఇనుము (న్యూయార్క్):
పడకగదిలో ఉక్కకు వేరే కారణం కూడా ఉంది. 1918 ఇన్‌ఫ్లుయెంజా తరువాత కిటికీలు తెరిచి పడుకోవడమే ఆరోగ్యమన్న నమ్మకం బలంగా ఉండేది, కడు చలి రోజున కిటికీ తెరిచి ఉన్నా గది వెచ్చగా ఉండేటట్టు రేడియేటర్లను పెద్దవిగా పెట్టేవారు. మీ 1924 ఇల్లు సరిగ్గా ఆ కాలానిదే. (మాన్‌హాటన్‌లో నల్ల ఇటుకల అమెరికన్ రేడియేటర్ భవనం కూడా 1924లోనే పూర్తయింది. రేడియేటర్లు అమ్మి ఆకాశహర్మ్యం కట్టుకున్న రోజులవి!) అలాంటి గదిలో రేడియేటరుకు వెండిరంగు అల్యూమినియం పెయింటు వేస్తే అది వెదజల్లే వేడి కొంత తగ్గుతుంది, పై పూత ఏదన్నదే లెక్క, అడుగున ఎన్ని పూతలున్నా ఫరవాలేదు. అయితే పాత రంగును గీకవద్దు. 1978కి ముందు కట్టిన ఇళ్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. బేస్‌మెంటు గొట్టాల మీద సున్నం పట్టీలా తెల్లటి తొడుగు ఉంటే అది పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు చేసే ఆస్‌బెస్టాస్ కావచ్చు, పరీక్ష చేయించకుండా ముట్టుకోవద్దు.

కొత్తగడప:
మూడు వారాల తరువాత రాస్తున్నాను. పడకగది వాల్వు పూర్తిగా తెరిచాము. రసమట్టం పెడితే వాలు నిజంగానే ఎదురుగా ఉంది, రెండు పలకలతో సరిపోయింది. ప్రెషర్‌ట్రోల్ 5 దగ్గర ఉంటే సర్వీసు మనిషి 2 లోపలికి దించారు. ఇప్పుడు తెల్లవారుజామున చిన్న బుస తప్ప చప్పుడు లేదు. అత్తగారు అది వినబడితేనే కాఫీకి లేస్తున్నారు. డక్టుల ఆలోచన మానుకున్నాము. ఒక్క స్నానాలగది రేడియేటరు మాత్రం అన్నింటికన్నా గంట ఆలస్యంగా వేడెక్కుతోంది. బేస్‌మెంటులో పెద్ద గొట్టం చివరన, అందులోని గాలిని వదిలే మెయిన్ వెంటు రంగు పూతలతో మూసుకుపోయి ఉంది, మార్చాలి. కాని దాని చుట్టూ పాతఇనుము గారు చెప్పిన తెల్లటి తొడుగే ఉంది. నమూనా తీయడానికి లైసెన్సు ఉన్న మనిషి వచ్చే మంగళవారం వస్తున్నారు.