లాంకాస్టర్ మోడల్: 50 స్క్వాడ్రన్ రియర్ గన్నర్ కోసం ఏ కిట్ తీసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

లింకన్_లలిత:
అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో లింకన్ ఊళ్ళో ఒక కేర్ హోమ్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గర ఉండే ఒక పెద్దాయన రెండో ప్రపంచ యుద్ధంలో లాంకాస్టర్ బాంబర్ మీద రియర్ గన్నర్, అంటే తోకలో కూర్చుని తుపాకులు పేల్చేవారు. 50 స్క్వాడ్రన్, స్కెల్లింగ్‌థార్ప్ ఎయిర్‌ఫీల్డ్, 1944 చివరి నుంచి 1945 మార్చి వరకు. నవంబర్ 11న రిమెంబరెన్స్ డే నాటికి ఆయన ఎక్కిన విమానం మోడల్ చేసి ఇవ్వాలని సిబ్బంది ముగ్గురం అనుకున్నాం. వాళ్ళమ్మాయి సరేనన్నారు, లాగ్‌బుక్ కూడా చూపిస్తామన్నారు.

చిన్న ఫైటర్ కిట్లు కట్టిన అలవాటుంది, పెద్ద విమానం ఇదే మొదలు. ఎయిర్‌బ్రష్ లేదు, బ్రష్షూ స్ప్రే డబ్బాలే. ఆయన గదిలో షెల్ఫ్ వెడల్పు 55 సెంటీమీటర్లు. ఏ స్కేలు తీసుకోవాలి? దగ్గరి షాపులో డ్యామ్‌బస్టర్స్ పెట్టె ఒక్కటే ఉంది, అది పనికొస్తుందా? ఆయన విమానం అక్షరాలు, నంబరు ఎలా వేయాలి? తోక టరెట్ (తుపాకులుండే గాజు గది) మాత్రం బాగా రావాలి, ఆయన ముందు చూసేది అదే.

గోదావరి_స్ప్రూ:
లలిత గారూ, ముందు స్కేలు తేల్చేద్దాం. అసలు విమానం రెక్కల చివర నుంచి చివరకు 31.09 మీటర్లు. 1/48లో (అసలులో 48వ వంతు) అది దాదాపు 65 సెంటీమీటర్లు, మీ షెల్ఫ్ మీద పట్టదు. 1/72లో 43 సెంటీమీటర్లు, పొడవు 29 చిల్లర. పైన అక్రిలిక్ పెట్టె పెట్టినా 50లో సరిపోతుంది. కాబట్టి 1/72.

డ్యామ్‌బస్టర్స్ పెట్టె వద్దు. 1943 మేలో జర్మనీ డ్యాముల మీద దాడికి 617 స్క్వాడ్రన్ వాడినవి ప్రత్యేకంగా మార్చిన విమానాలు. వాటికి నడుం మీది టరెట్ లేదు, గుండ్రటి బాంబు పట్టుకోవడానికి బాంబు తలుపులు తీసేశారు. అది కట్టి 50 స్క్వాడ్రన్ అక్షరాలు అంటిస్తే, లాంకాస్టర్‌లో నెలల తరబడి కూర్చున్న మనిషి ఒక్క చూపులో పట్టేస్తాడు. పెట్టె మీద బి.1 లేదా బి.3 అని ఉన్నదే కొనండి. ఎయిర్‌ఫిక్స్ వాళ్ళ పాత లాంకాస్టర్లు సెకండ్‌హ్యాండ్‌లో చాలా దొరుకుతాయి, చవక కూడా. కానీ 2013 నుంచి వస్తున్న కొత్త మూస తీసుకోండి, రెక్కల స్పార్లు (లోపలి దూలాలు) ఫ్యూజిలాజ్ (విమానం మొండెం) లోంచి దూరి వెళ్తాయి కాబట్టి రెక్కలు వంకర పోవు.

బి.1, బి.3 తేడా గురించి కంగారు పడొద్దు. ఒకదానికి రోల్స్ రాయిస్ మెర్లిన్లు, ఇంకోదానికి అమెరికాలో ప్యాకార్డ్ చేసిన మెర్లిన్లు. బయటికి తేడా తెలియదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి: ప్రొపెల్లర్ బ్లేడ్లు సన్నవా, తెడ్డులా వెడల్పువా, ముక్కు కింద బాంబ్ ఎయిమర్ గాజు బుడగ లోతు, పొట్ట కింద హెచ్2ఎస్ రాడార్ డోమ్ ఉందా లేదా, ఫ్యూజిలాజ్ పక్కన చిన్న కిటికీల వరస ఉందా, మూసేశారా. 1944 చివరికి వెడల్పు బ్లేడ్లు, లోతైన బుడగ మామూలైపోయాయి. కానీ ఒకే స్క్వాడ్రన్‌లో పాత విమానాలూ ఎగిరాయి, అందుకే ఆ ఒక్క విమానం ఫోటో వెతకాలి. పెట్టెలో ఏ బ్లేడ్లు వచ్చాయో స్ప్రూ (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ఫోటోలు చూసుకునే కొనండి.

ఏ విమానం అన్నది లాగ్‌బుక్‌లో మొదలుపెట్టండి. రాత్రి ఆపరేషన్లు (దాడులకు వెళ్ళినవి) ఎర్ర సిరాతో, పగటివి ఆకుపచ్చతో రాయడం బాంబర్ కమాండ్ (బ్రిటన్ వాయుసేన ఆర్‌ఏఎఫ్‌లో బాంబర్ల విభాగం) అలవాటు, కాబట్టి ట్రైనింగ్ ఫ్లైట్లు సులువుగా విడిపోతాయి. విమానం గడిలో ఒక్కోసారి పూర్తి సీరియల్ (ఆ ఒక్క విమానానికే ఉండే నంబరు) ఉంటుంది, ఒక్కోసారి విమానం అక్షరం ఒక్కటే. అక్షరం ఒక్కటే ఉంటే నమ్మి ముందుకు పోవద్దు: విమానం కూలిపోతే అదే అక్షరం కొత్తగా వచ్చిన దానికి ఇచ్చేవాళ్ళు. తేదీ పట్టుకుని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరసలో 50 స్క్వాడ్రన్ ఆపరేషన్స్ రికార్డ్ బుక్ తెరవండి. అందులో ఫారం 541 పేజీల్లో ఆ రాత్రి ఏ సిబ్బంది ఏ సీరియల్ విమానంలో వెళ్ళారో పేర్లతో ఉంటుంది. లాగ్‌బుక్, ఫారం 541 రెండూ కలిసిన విమానాన్నే ఎంచుకోండి.

30 ఆపరేషన్ల టూర్‌లో (ఒక విడత డ్యూటీలో) ఒకే సిబ్బంది రెండు మూడు విమానాలు మారడం మామూలే. ఎక్కువసార్లు ఎక్కినది సహజంగా మొదటి ఎంపిక. అయితే ఆ విమానం తర్వాత ఏమైందో కూడా చూడండి. లింకన్‌లోనే ఉన్న ఇంటర్నేషనల్ బాంబర్ కమాండ్ సెంటర్ వాళ్ళ లాసెస్ డేటాబేస్‌లో వెతికితే తెలుస్తుంది. అది వేరే సిబ్బందితో కూలిపోయి ఉంటే, వాళ్ళు ఆయనతో ఒకే గుడిసెలో పడుకున్నవాళ్ళు కావచ్చు. కొందరు అదే కావాలంటారు, కొందరు చూడలేరు. వాళ్ళమ్మాయిని ముందే అడగండి, నవంబర్ 11న తెలుసుకోవాల్సిన విషయం కాదు అది.

విశాఖ_స్టైరీన్:
కిట్, పరిశోధన పైవారు చెప్పేశారు. నేను కట్టడం, రంగు, టరెట్ చెబుతాను.

ఈ కొత్త మూసలో ముక్కలు చాలా బిగుతుగా కూర్చుంటాయి. రంగు వేసిన తర్వాత అతికించబోతే ఆ రంగు పొర మందానికే స్పార్ గాడిలో దిగదు, బలవంతం చేస్తే ఫ్యూజిలాజ్ నోరు తెరుచుకుంటుంది. అతికే అంచుల మీద రంగు గీకేయండి, ప్రతి జోడింపూ జిగురు లేకుండా ఒకసారి పెట్టి చూడండి. జిగురు టామియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి పల్చటిది చాలు. లాంకాస్టర్ తోక చక్రం మీద కూర్చునే విమానం, ముక్కులో బరువు పెట్టాల్సిన పని లేదు.

రెక్కల్లో లోపలి భాగం చదును, లోపలి ఇంజన్లు దాటాక బయటి భాగం 7 డిగ్రీలు పైకి లేస్తుంది. అట్టముక్కతో కోణం కోసి రెండు వైపులా ఆనించి చూడండి. నాలుగు నాసెల్లు (ఇంజన్ల తొడుగులు) వేరుగా కట్టి, పూర్తిగా ఆరాకే రెక్కకు పెట్టండి. సందులు పుట్టీతో నింపి 400, 800, 1200 ఉప్పు కాగితం వరసగా, తడి చేసి రుద్దండి. నలుపు రంగు కింద ఒక్క గీత ఉన్నా కనబడుతుంది.

రంగు మూడే: పైన డార్క్ ఎర్త్, డార్క్ గ్రీన్ మచ్చలు, కింద నైట్. నైట్ అంటే అచ్చమైన నలుపు కాదు, స్కేలులో మరీ నల్లగా వేస్తే వివరాలన్నీ మింగేస్తుంది. టామియా ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్ దగ్గరగా ఉంటుంది, కానీ టామియా అక్రిలిక్‌లు బ్రష్‌కు లొంగవు: రెండో పూత మొదటి పూతను కరిగించి లేపేస్తుంది. మీ దగ్గర ఎయిర్‌బ్రష్ లేదు కాబట్టి ఇలా చేయండి. బూడిద రంగు ప్రైమర్ స్ప్రే, ఆరాక కింది భాగం, పక్కలు మొత్తం మ్యాట్ బ్లాక్ స్ప్రే. రెండు రోజులు ఆగి టేప్ వేసి పై భాగం బ్రష్‌తో, హంబ్రోల్ ఎనామెల్ 29 డార్క్ ఎర్త్ ముందు, తర్వాత 30 డార్క్ గ్రీన్. ఒక్కో రంగు రెండు మూడు పల్చటి పూతలు, పూతకీ పూతకీ ఒక రోజు. చివర్లో నలుపు మీద ముదురు బూడిద రంగు చాలా పల్చగా అక్కడక్కడా అద్దితే నైట్ తేలుతుంది. వాన పడే రోజు స్ప్రే కొట్టొద్దు, గాలిలో తేమ పట్టి తెల్లగా పాలు విరిగినట్టు అవుతుంది.

నలుపు ఎక్కడి వరకు ఎక్కాలన్నది బాగా తప్పు జరిగే చోటు. 1944లో ఫ్యూజిలాజ్ పక్కల మీద నలుపు చాలా ఎత్తు దాకా పోతుంది, నిలువు తోకలు రెండూ పూర్తిగా నలుపే. పచ్చా మట్టీ రంగులు పైనుంచి చూస్తేనే ఎక్కువ కనిపిస్తాయి.

ఇక తోక టరెట్. ఆ కాలానికి ఎక్కువగా ఉన్నది ఫ్రేజర్ నాష్ ఎఫ్‌ఎన్20, లేదా చూడటానికి అలాగే ఉండే ఎఫ్‌ఎన్120: నాలుగు .303 బ్రౌనింగ్ మెషిన్ గన్లు, పక్కకు రెండేసి. తూటాలు టరెట్‌లో కావు, ఫ్యూజిలాజ్ మధ్యలో పెట్టెల నుంచి పట్టాల మీద వెనక్కి వస్తాయి. కిట్‌లో గొట్టాలు లావుగా ఉంటాయి. వాటిని మొదలు దగ్గర కోసేసి, 27 గేజ్ ఇంజెక్షన్ సూది ముక్కలు పెట్టండి, బయటి వ్యాసం 0.41 మిల్లీమీటర్లు, 1/72కి సరిగ్గా సరిపోతుంది. సూదిని కత్తెరతో కోస్తే చివర నలిగి మూసుకుపోతుంది. చిన్న ఆకురాయి మీద గాటు పెట్టి విరవండి. కేర్ హోమ్‌లో వాడిన సూదులు ముట్టుకోవద్దు, హాబీ షాపులో ఇత్తడి గొట్టం కూడా దొరుకుతుంది.

ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది, దానికి జవాబు ఆయనే చెప్పగలరు: గన్నర్ ముఖానికి ఎదురుగా, తుపాకుల మధ్య పెర్స్‌పెక్స్ (గాజులాంటి ప్లాస్టిక్) పలక ఉండేదా, తీసేశారా? గాజు మీద చిన్న మరక కూడా రాత్రి దూరంగా వచ్చే ఫైటర్‌లా కనబడేది, మంచు పట్టేది. అందుకే చాలా టరెట్లలో ఆ పలక తీసేసి, గడ్డకట్టే చలికి ఓర్చుకుని నేరుగా చీకట్లోకి చూసేవాళ్ళు. తీసేసి ఉంటే కిట్ గాజులో కూడా తీయండి. లోపలి నుంచి బ్లూ ట్యాక్ (మెత్తటి బంక ముద్ద) కూరండి, నాలుగు మూలలా 0.4 డ్రిల్‌తో రంధ్రాలు, తర్వాత కొత్త బ్లేడుతో గీత మీద గీత నెమ్మదిగా. ఒక్క ఊపులో నొక్కితే పగులు టరెట్ మొత్తం పాకుతుంది, క్లియర్ స్టైరీన్ మామూలు ప్లాస్టిక్ కంటే పెళుసు. ఎందుకైనా మంచిది, కిట్ కొన్నప్పుడే ఇంకో క్లియర్ స్ప్రూ దొరుకుతుందేమో చూడండి.

లోపల మ్యాట్ నలుపు. ఫ్రేములకు ముందు నలుపు, దాని మీద బయటి రంగు, అప్పుడు లోపలి నుంచి చూసినా సరిగా ఉంటుంది. ఈడ్యూఆర్డ్ కంపెనీ ముందే కోసిన మాస్కులు (రంగు పడకుండా గాజు మీద అంటించేవి) కొంటే ఆ డబ్బు దండగ కాదు, ఈ విమానం నిండా గాజే. గాజు ముక్కలకు సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వొద్దు, దాని ఆవిరి తెల్ల పొరలా గడ్డకట్టి లోపలి వైపు తుడవడానికి వీల్లేకుండా పోతుంది. పీవీఏ తెల్ల జిగురు చాలు.

సికింద్రాబాద్_డెకాల్:
అక్షరాల గురించి. 50 స్క్వాడ్రన్ కోడ్ వీఎన్, దాని పక్కన విమానం అక్షరం. కోడ్లూ సీరియలూ డల్ రెడ్. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: ఇంట్లో ఇంక్‌జెట్‌తో పారదర్శక డెకాల్ (తడిపి అంటించే స్టిక్కర్) పేపర్ మీద ఎరుపు ప్రింట్ చేస్తారు, నలుపు మీద అంటించగానే అక్షరం మాయం. ఇంక్‌జెట్ సిరా కింద ఉన్న రంగును కప్పదు. ఎక్స్‌ట్రాడెకాల్ వాళ్ళ డల్ రెడ్ ఆర్‌ఏఎఫ్ అక్షరాల షీట్లు కొనండి, సీరియల్‌కు చిన్న అక్షరాలు వేరే షీట్. సీరియల్ ఎత్తు అసలులో 8 అంగుళాలు, 1/72లో 2.8 మిల్లీమీటర్లు. ఒక్కో అక్షరం విడిగా అంటించాలి కాబట్టి ముందు టేపు ముక్క అంచు ఆనవాలుగా పెట్టుకోండి. యుద్ధం చివర్లో కొన్ని స్క్వాడ్రన్లు కోడ్లకు పసుపు అంచు వేశాయి, ఫోటో చూడకుండా వేయొద్దు.

రౌండెల్స్ (గుండ్రటి ఆర్‌ఏఎఫ్ గుర్తులు): రెక్కల పైన ఎరుపు నీలం మాత్రమే ఉన్నవి, ఫ్యూజిలాజ్ మీద పసుపు అంచుతో ఉన్నవి. రెక్కల కింద ఏమీ ఉండవు.

మ్యాట్ రంగు మీద నేరుగా డెకాల్ వేస్తే గరుకు సందుల్లో గాలి చిక్కి వెండి పొరలా మెరుస్తుంది, నలుపు మీద మరీ. మెరిసే (గ్లాసీ) వార్నిష్ రెండు పూతలు, ఒక రోజు ఆరనివ్వండి, మైక్రో సెట్ (డెకాల్ అతుక్కోవడానికి రాసే ద్రవం) రాసి డెకాల్ పెట్టి, పైన మైక్రో సాల్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం). ముడతలు పడితే వేలు పెట్టకండి, ఆరేసరికి వాటంతటవే దిగిపోతాయి. చివర్లో మ్యాట్ వార్నిష్ స్ప్రే చేసేటప్పుడు గాజుల మీది మాస్కులు ఇంకా ఉండాలి.

లింకన్_లలిత:
చాలా థ్యాంక్స్ అండి. లాగ్‌బుక్‌లో ఎర్ర సిరా పేజీలు నిజంగానే కనిపించాయి. ఇంకో మూడు సందేహాలు. ముక్కు మీద పసుపు బాంబు గుర్తులు ఆయన చేసిన ఆపరేషన్లు ఎన్నో అన్ని వేయాలా? పొగ మరకలు ఎంత వేయాలి? మోడల్ కింద పెట్టే పేరు పలక మీద ఏం రాయాలి?

గోదావరి_స్ప్రూ:
బాంబు గుర్తులు విమానం లెక్క, మనిషి లెక్క కాదు. ఆయన కంటే ముందు వేరే సిబ్బంది అందులో వెళ్ళిన ఆపరేషన్లూ కలుస్తాయి. మీరు ఎంచుకున్న తేదీ నాటికి ఆ సీరియల్ ఎన్నిసార్లు వెళ్ళిందో ఫారం 541 పేజీల్లో లెక్కపెట్టండి. ఫోటోలో గుర్తులు కనబడకపోతే అసలు వేయకండి.

పొగ మరకలు నల్లగా వేయొద్దు. అప్పటి పెట్రోల్‌లో సీసం ఉండేది, ఎగ్జాస్ట్ వెనక రెక్క మీద లేత బూడిద గోధుమ రంగు చారలు పడేవి. పాస్టెల్ చాక్ పొడి చేసి మెత్తటి బ్రష్‌తో ముందు నుంచి వెనక్కి, నాలుగు ఇంజన్లకూ, రెక్క పైనా కిందా. ప్యానెల్ గీతల్లో నల్ల వాష్ (బాగా పల్చటి రంగు) పోయొద్దు, ఈ మూసలో గీతలు అసలే లోతు. తోక టరెట్ గాజు మాత్రం మచ్చ లేకుండా ఉంచండి. గన్నర్లూ గ్రౌండ్ సిబ్బందీ దాన్ని రోజూ మెరిసేలా తుడిచేవాళ్ళు.

పేరు పలక మీద ఆయన ర్యాంకు, పేరు, ఎయిర్ గన్నర్, స్క్వాడ్రన్, స్కెల్లింగ్‌థార్ప్, విమానం కోడ్, సీరియల్, తేదీలు. ఒక్క మార్పు సూచిస్తాను: మిగతా ఆరుగురి పేర్లు కూడా వేయండి, పైలట్ మొదలు మిడ్ అప్పర్ (నడుం మీది టరెట్) గన్నర్ దాకా. ఏడుగురు కలిసి ఎక్కిన విమానం అది. ఆపరేషన్స్ రికార్డ్ బుక్‌లో పేర్ల స్పెల్లింగులు తప్పుంటాయి, ఆయన లాగ్‌బుక్‌తోనో పాత ఫోటో వెనక రాతతోనో సరిచూసి, వాళ్ళమ్మాయికి చూపించాకే చెక్కించండి. ఆయనకు చూపు తక్కువైతే అక్షరాలు కనీసం 6 మిల్లీమీటర్లు, ముదురు మీద లేత రంగు.

విశాఖ_స్టైరీన్:
మోడల్ పెట్టే అక్రిలిక్ పెట్టె గురించి ఒక మాట. లోపల 48 × 34 × 15 సెంటీమీటర్లు ఉంటే విమానానికి చుట్టూ ఖాళీ మిగులుతుంది. ప్రధాన చక్రాల్లో 1 మిల్లీమీటరు ఇత్తడి కడ్డీ దూర్చి చెక్క దిమ్మలోకి దించి ఎపాక్సీతో బిగించండి, గది శుభ్రం చేసేవాళ్ళు పెట్టె ఎత్తినా విమానం జారదు. పైకప్పు అతికించేయకుండా తీసేలా పెట్టండి, ఆయన వేలితో టరెట్ తిప్పి చూస్తానంటే తిప్పనివ్వాలి. అందుకే టరెట్‌ను ఫ్యూజిలాజ్‌కు అంటించొద్దు, ఊరికే గాడిలో కూర్చోబెట్టండి. షెల్ఫ్ మీద పెట్టేటప్పుడు తోక ఆయన కుర్చీ వైపు ఉండాలి, కిటికీ ఎండ నేరుగా పడకూడదు.

రోజూ గంటన్నర కూర్చుంటే ఏడెనిమిది వారాల పని. సెప్టెంబర్ మొదటి వారం దాటనివ్వకుండా మొదలుపెట్టండి, అక్షరాల షీట్లు, మాస్కులు ఇవాళే ఆర్డర్ పెట్టండి.