తెలంగాణ ఎండల తీరును జిల్లాలవారీ పటంగా గీయవచ్చా?

ప్రశ్న:
భారత వాతావరణ శాఖ గ్రిడ్ (చదరపు గడుల) రూపంలో ఇస్తున్న రోజువారీ గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు 1951 నుంచి దొరుకుతున్నాయి. వాటితో తెలంగాణలో ఏప్రిల్, మే నెలల వేడి ఎలా మారిందో పటం గీయాలనుకుంటున్నాను. గడి కొలత అక్షాంశ, రేఖాంశాల్లో ఒక డిగ్రీ. దాన్ని పావు డిగ్రీకి మార్చి, 33 జిల్లాలకూ విడివిడిగా పెరుగుదల రేటు లెక్కిస్తే ఆ ఫలితాన్ని నమ్మవచ్చా? రేటు కోసం మామూలు సరళరేఖ సరిపోతుందా?

సమాధానం 1:
నమ్మకూడదనే నా అభిప్రాయం. మన అక్షాంశాల వద్ద ఒక డిగ్రీ గడి దాదాపు 12 వేల చదరపు కిలోమీటర్లు ఉంటుంది. తెలంగాణ విస్తీర్ణం 1,12,077 చదరపు కిలోమీటర్లు. అంటే రాష్ట్రం మొత్తానికి సుమారు పది గడుల సమాచారమే ఉంది. పావు డిగ్రీకి మారిస్తే పటం నునుపుగా కనిపిస్తుందే తప్ప కొత్త కొలత ఒక్కటీ చేరదు. ఆ గడుల విలువలు సైతం నేరుగా కొలిచినవి కావు. వాతావరణ కేంద్రాల నమోదులకు దూరాన్నీ దిశనూ బట్టి ప్రాధాన్యమిచ్చి అంచనా వేసినవి. కాబట్టి రేటును గడివారీగానే లెక్కించి, గడులను ఉన్నవి ఉన్నట్టే రంగులతో చూపండి. జిల్లాల సరిహద్దులు పైన గీతలుగా ఉంటే చాలు. పక్కపక్క జిల్లాలకు వేర్వేరు అంకెలు ఇస్తే, చదివేవారు ఆ తేడా నిజంగా కొలిచినదే అనుకుంటారు.

సమాధానం 2:
రేటుకు సెన్ వాలు (ఏ రెండేళ్లను జతగా తీసుకున్నా వచ్చే వాలులన్నింటి మధ్యగతం), దాని నిర్ధారణకు మాన్-కెండాల్ పరీక్ష (ధోరణి నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసేది) మేలు. 2016 వంటి ఎల్ నినో అనంతర వేసవి వరుస చివర్లో పడితే సరళరేఖ దానివైపు మొగ్గుతుంది, సెన్ వాలు అంతగా కదలదు. అయితే ఒక ఏడాది విలువకు మరుసటి ఏడాది విలువతో సంబంధం ఉంటే పరీక్ష లేని ధోరణిని ఉన్నట్టు చూపగలదు. ముందుగా దాన్ని సరిచూసుకోండి. పగటి, రాత్రి ఉష్ణోగ్రతలను కలిపి సగటు తీయవద్దు. గాలిలోని ధూళికణాలు, సాగునీటి తేమ పగటి వేడిని కొంత అణచిపెడతాయి, రాత్రి కథ వేరు. విలువ లేని గడుల్లో 99.9 అని ఉంటుంది, దాన్ని తప్పక తొలగించాలి.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. పావు డిగ్రీలోనే దొరికే ఈఆర్ఏ5 (యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే గడుల సమాచారం)తో జిల్లాల పటం గీయవచ్చా?

సమాధానం 1:
అది 1940 నుంచి ఉంది, కానీ వాతావరణ కంప్యూటర్ నమూనాతో పరిశీలనలను మేళవించినది. ఉపగ్రహాలు రాకముందు, వచ్చాక అందులో చేరిన పరిశీలనలు ఒకే తీరువి కావు కనుక, దీర్ఘకాల ధోరణికి దాన్నొక్కదాన్నే ఆధారం చేసుకోకండి. దాన్ని ఒక డిగ్రీకి కూడగట్టి, వాతావరణ శాఖ సమాచారంతో పోల్చి, రెండింటిలోనూ ఒకే దిశలో మార్పు కనిపించిన గడులకే రంగు వేయండి; మిగిలినవాటిని అడ్డగీతలతో వదిలేయండి.