ఇద్దరు పిల్లల తల్లి బీఈడీ చేస్తే: రోజూ కాలేజీకి పోవాలా, 'నాన్ అటెండింగ్' సరిపోతుందా?

మల్లెపందిరి (సోమవారం, రాత్రి 10:40)

నమస్తే అండీ. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

నాకు 37 ఏళ్లు. బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ)తో బీఎస్సీ 2008లో అయింది, ఆ వేసవిలోనే పెళ్లి. మాది మధిర దగ్గర పల్లె. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. మావారు ఎరువుల కొట్టు నడుపుతారు. అత్తమ్మ మాతోనే ఉంటుంది, షుగర్, రెండు పూటలా ఇన్సులిన్ నేనే వేయాలి. ఇన్నేళ్లకు ధైర్యం చేసి బీఈడీ ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ రాశాను. వయసు అడ్డం రాదని మొన్నటిదాకా నాకు తెలియదు, పైన పరిమితేమీ లేదట.

ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఖమ్మంలో ఒక కాలేజీలో సీటొచ్చింది. రోజూ పోవాలి, బస్సులో గంటన్నర. బస్సు మాకు ఉచితమే కాబట్టి ఖర్చు గురించి దిగులు లేదు, టైమ్ గురించే. ఇంకో కాలేజీవాళ్లు ఫోన్ చేశారు: "మేడమ్, ఫీజు మీద ఇంకో ముప్పై వేలు కట్టండి. పరీక్షలకు వస్తే చాలు. అటెండెన్స్ మేం చూసుకుంటాం, రికార్డులు కూడా రాయించి పెడతాం."

మావారు రెండోదే నయమంటున్నారు. "చదువుకో, నేను కాదనను, ఇంట్లో పని మాత్రం ఆగకూడదు" అని ఆయన మాట. నాకేమో మనసొప్పట్లేదు. కానీ మనసు మాట వింటే అత్తమ్మకు పొద్దున ఇన్సులిన్ వేసి, నాలుగు క్యారియర్లు కట్టి ఏడున్నర బస్సు అందుకోవాలి. ఈ పరిస్థితిలో మీరైతే ఏం చేస్తారు?

బీఈడీ సెకండియర్ (సోమవారం, రాత్రి 11:05)

అక్కా, కళ్లు మూసుకుని రెండోది తీసుకో. నేను 'రెగ్యులరే'. మా సెక్షన్‌లో 50 మందికి రోజూ వచ్చేది పన్నెండు మంది. మేం వస్తే లెక్చరర్ రాడు, ఆయనొచ్చిన రోజు మేం ఉండం. వేపచెట్టు కింద కూర్చుని రీల్స్ చూడ్డానికి గంటన్నర బస్సెందుకు?

చాక్‌పీసు (మంగళవారం, ఉదయం 6:15)

జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను, పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఇంటర్న్‌షిప్‌కు వచ్చే బీఈడీ పిల్లల్ని ఏటా చూస్తుంటాను. ఒక్క సంగతి చెప్తా వినండి.

పోయినేడు ఒకావిడ వచ్చింది. మీ వయసే ఉండొచ్చు. ఏడో తరగతికి పువ్వు భాగాలు చెప్పాలి. రికార్డు చూస్తే అద్దంలా ఉంది, ముత్యాల్లాంటి అక్షరాలు, రంగుల చార్టు. చార్టు బోర్డుకు తగిలించి పుస్తకం చదవడం మొదలుపెట్టింది. "కేసరావళి, అండకోశం, కీలాగ్రం..." పది నిమిషాలకు వెనక బెంచీవాళ్లు బ్యాగులు సర్దుకుంటున్నారు. కిటికీ అవతల చెయ్యి చాపితే అందే దూరంలో మందార చెట్టు, విరగబూసి ఉంది. ఆవిడ అటు తల కూడా తిప్పలేదు.

క్లాసయ్యాక అడిగాను, నాలుగు పూలు కోసుకుని రాకపోయావా అమ్మా అని. "రికార్డులో చార్టే రాసుంది సార్" అంది. ఆ రికార్డు తను రాసింది కాదు. స్టేషనరీ షాపులో రాయించింది. ఆ సాయంత్రం నేనే ఒక మందారం నిలువునా బ్లేడుతో కోసి చూపించాను. కేసరాలన్నీ కలిసి గొట్టంలా ఉండటం, దాని మధ్య నుంచి కీలం పైకి రావడం, అడుగున అండాశయంలో తెల్లటి చుక్కల్లా అండాలు. ఆవిడ కళ్లు పెద్దవి చేసి, "ఇన్నాళ్లూ బొమ్మే చూశాను సార్" అంది. బీఎస్సీ చదివిన మనిషి!

నేను ఆవిడను తప్పుపట్టను. తెలివి తక్కువా కాదు. ఆవిడకు ఎవరూ పట్టుమని పది పాఠాలు తప్పులు చేసుకునే అవకాశం ఇవ్వలేదు, అంతే. బీఈడీ అంటే అదే కదా, తప్పులు చేయడానికి దొరికే రెండేళ్లు.

కృష్ణాతీరం (మంగళవారం, ఉదయం 8:50)

చాక్‌పీసు సార్, మీ మందారం కథ బాగుంది. ఇప్పుడు నా కథ.

నేను నాన్ అటెండింగే. సిగ్గేం లేదు. అప్పుడు మా చిన్నదానికి పదకొండు నెలలు, మా ఆయన గల్ఫ్‌లో, అత్తా మామా లేరు. ఆ కాలేజీ ఆ దారి ఇవ్వకపోతే నేను బీఈడీ చేసేదాన్నే కాదు. మిగిలిన టైమంతా టెట్ (టీచర్ అర్హత పరీక్ష), డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ పోస్టుల పరీక్ష) కోసం చదివాను. ఇవాళ నేను స్కూల్ అసిస్టెంట్‌ని. మొదటి ఆరు నెలలు క్లాసులో తడబడ్డాను, నిజమే. తర్వాత నేర్చుకున్నాను. మీరు నేర్చుకోలేదా ఉద్యోగంలోకి వచ్చాక?

ఇంకో మాట. డీఎస్సీలో 80 మార్కులు రాతపరీక్షకి, 20 టెట్ వెయిటేజీకి. పాఠం ఎలా చెప్తావో చూసి ఇచ్చే మార్కు ఒక్కటీ లేదు. ప్రభుత్వమే అడగనిది ఈ చెల్లెలు ఇల్లు తాకట్టు పెట్టి మరీ ఎందుకు నేర్చుకోవాలి?

చాక్‌పీసు (మంగళవారం, ఉదయం 9:20)

ఆ ఆరు నెలలు తడబడింది మీరు. నష్టపోయింది ఎవరి పిల్లలమ్మా?

కృష్ణాతీరం (మంగళవారం, ఉదయం 9:31)

మా మండలంలో టీచరే లేని పోస్టులో చేరాను సార్. ఆ పిల్లలకు అంతకు ముందు ఏడాదంతా తడబడే టీచరు కూడా లేదు.

పల్నాడు కుర్రోడు (మంగళవారం, మధ్యాహ్నం 1:10)

ఇంత గొడవెందుకు? దూరవిద్యలో బీఈడీ చేసేయొచ్చుగా. ఇగ్నో ఉంది, అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది.

రైట్ రైట్ (మంగళవారం, సాయంత్రం 4:45)

కుర్రోడా, ఆగు. దూరవిద్య బీఈడీ అందరికీ ఇవ్వరు. అప్పటికే టీచర్ శిక్షణ పొంది ప్రాథమిక బడుల్లో పనిచేస్తున్నవాళ్లకు, లేదా డీఈడీ లాంటి శిక్షణ కోర్సు రెగ్యులర్‌గా పూర్తిచేసినవాళ్లకు మాత్రమే. ఈ అమ్మాయికి ఆ దారి లేదు. నాకెలా తెలుసంటే మా కోడలి కోసం తిరిగాను కనక.

నేను ఆర్టీసీలో కండక్టర్‌గా రిటైరయ్యాను. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ చేశాను. 1982లో మొదలైనప్పుడు దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది, మాలాంటి వాళ్ల కోసమే పెట్టారు. ఆదివారం క్లాసులు. డ్యూటీ చార్టులో ఆదివారం సెలవు పడేలా డిపోలో బతిమాలుకునేవాణ్ని. పడకపోతే ఆ వారం క్లాసు లేనట్టే. చివరి ట్రిప్పు అయ్యాక రెస్ట్ రూమ్‌లో అందరూ పడుకుంటే నేను బల్బు కింద పుస్తకం. పడుకున్నోళ్లు తిట్టేవాళ్లు.

అది దొంగదారి కాదని గుర్తుపెట్టుకోండి. యూనివర్సిటీయే 'నువ్వు రోజూ రాలేవు, నీకు తగ్గట్టు పాఠం ఇలా రాస్తాం' అని చెప్పింది. ఇది వేరు. ఇక్కడ రోజూ వచ్చినట్టు సంతకం పెట్టి రాకపోవడం. బీఈడీలో క్లాసులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రేపు కాలేజీవాళ్లు మాట మార్చి 'హాజరు చాల్లేదు' అంటే, నీ ముప్పై వేలకు రసీదు ఉంటుందా అమ్మా?

మల్లెపందిరి (మంగళవారం, రాత్రి 9:55)

రసీదు సంగతి ఇవాళే ఫోన్ చేసి అడిగాను బాబాయ్. "దానికి రసీదు ఉండదు మేడమ్, నమ్మకం మీదే" అన్నాడు.

నెల్లూరు పెద్దమ్మ (బుధవారం, ఉదయం 7:00)

మీ అందరికీ చదువే కనిపిస్తోంది. వచ్చే ఏడు ఆ పిల్ల పదో తరగతి. అదే ఏడు ఈవిడకు సెకండియర్ ఇంటర్న్‌షిప్, పదహారు వారాలు. పిల్ల బడి నుంచి వచ్చేసరికి తల్లి ఇంట్లో లేకపోతే అన్నం పెట్టేదెవరు, పుస్తకం తీయించేదెవరు? రెండేళ్లు ఆగితే కొంపలేం మునిగిపోవు. పిల్ల ఇంటర్లో చేరాక నువ్వూ చేరు. ఇద్దరు పిల్లల్ని పెంచి, మనవల్నీ పెంచినదాన్ని, ఊరికే చెప్పట్లేదు.

మల్లెపందిరి (బుధవారం, రాత్రి 10:20)

పెద్దమ్మా, మీ మాట కొట్టిపారేయను. నిన్న రాత్రంతా ఇదే లెక్క వేశాను. రెండేళ్లు ఆగి చేరితే బీఈడీ అయ్యేసరికి 41. తెలంగాణలో 2017 తర్వాత పోస్టులు భర్తీ అయిన డీఎస్సీ 2024దే. మధ్యలో ఏడేళ్లు. 2024లో వయసు పరిమితి 46 చేశారు, మేం ఓసీ కాబట్టి సడలింపు లేదు. మళ్లీ అంత ఎడం వస్తే నా పని అంతే. ఇప్పుడు చేరితే కనీసం ఒకటి రెండు సార్లు రాసే అవకాశం ఉంటుంది.

పైగా 2023లో సుప్రీంకోర్టు తీర్పుతో బీఈడీ వాళ్లకు ప్రాథమిక బడుల ఎస్జీటీ పోస్టులు లేవు. నాకు మిగిలింది స్కూల్ అసిస్టెంట్ బయాలజీ ఒక్కటే. పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. కృష్ణాతీరం అక్క చెప్పిన 'ఇంట్లో కూర్చుని ప్రిపరేషన్' అందుకే నన్ను లాగుతోంది.

కృష్ణాతీరం (బుధవారం, రాత్రి 10:48)

అదీ మాట. కానీ చెల్లీ, ఒకటి నిజాయితీగా చెప్తా. ఇంట్లో కూర్చుని చదువుతానని నువ్వు అనుకుంటావు. ఇంట్లోవాళ్లు మాత్రం 'ఇంట్లోనే ఉందిగా' అనుకుంటారు. నాకు ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పిల్ల నిద్రపోయిన ప్రతి గంటా నాదైంది. నీ ఇంట్లో ఐదుగురు. పుస్తకం తెరిచి కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఇది నీకు మైనస్సే.

చాక్‌పీసు (బుధవారం, రాత్రి 10:52)

మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను మేడమ్ 🙂

ఉప్మా స్పెషలిస్ట్ (గురువారం, ఉదయం 6:40)

భర్తల తరఫున ఒకడైనా రాయాలిగా. మా ఆవిడ 34వ ఏట బీఈడీలో చేరింది, రెగ్యులర్. వంట నేర్చుకున్నా, అంట్లు తోమా, అవన్నీ నెలలో వచ్చేశాయి. అసలు ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే ఫోన్. బాబుకు బళ్లో జ్వరమొస్తే వాళ్లు ఫోన్ చేసేది ఆవిడకి. గ్యాస్ బండ వస్తే ఆవిడకి. మా అమ్మ కాళ్ల నొప్పి ఆవిడకి. నేను పక్క వీధిలో ఉన్నా ముప్పై కిలోమీటర్ల అవతల క్లాసులో ఉన్న మనిషికే ఫోన్. ఆవిడ క్లాసు బయటికొచ్చి నాకు ఫోన్ చేసి చెప్పేది! మైక్రో టీచింగ్ (తోటి విద్యార్థుల ముందు చెప్పే చిన్న పాఠం) మధ్యలో మూడుసార్లు లేచి బయటికెళ్లిందని లెక్చరర్ అందరి ముందూ అనేసరికి ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చింది.

మర్నాడు నేను బడికెళ్లి రిజిస్టర్‌లో ఆవిడ నంబర్ కొట్టేయించి నాది రాయించాను. గ్యాస్‌కి, పాలవాడికి, డాక్టర్‌కి అన్నిటికీ నాదే. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో నేను ఒక్కణ్నే మగాణ్ని, మొదట్లో ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు నేనే అందరికీ హోంవర్క్ పెడుతున్నా.

మల్లెపందిరి గారూ, మీవారు 'ఇంట్లో పని ఆగకూడదు' అన్నారు కదా. కరెక్టే. ఆయన కొట్టు ఊళ్లోనే ఉంది కదా?

మల్లెపందిరి (గురువారం, రాత్రి 9:30)

ఇంటికి నాలుగు గడపల అవతల అండీ.

నెల్లూరు పెద్దమ్మ (గురువారం, రాత్రి 9:41)

అయితే నేనన్న మాట వెనక్కి తీసుకోను గానీ, ఆ పెద్దమనిషి పొద్దున తన తల్లికి ఇన్సులిన్ వేయలేడా అని నాకూ అనిపిస్తోంది.

మల్లెపందిరి (మూడు వారాల తర్వాత, ఆదివారం)

అందరూ ఏమైందని అడుగుతున్నారు. ఖమ్మంలోనే చేరాను.

మావారు ఒప్పుకున్నారని చెప్పలేను. "చూద్దాం, ఆర్నెల్లు" అన్నారు. ఇన్సులిన్ వేయడానికి ఆయనకు చేతులు వణికాయి. రెండు రోజులు అత్తమ్మ భయపడి కొడుకు దగ్గర వేయించుకోనంది. మూడో రోజు మా పాప నేర్చుకుంటానంది. వద్దన్నాను, అది మళ్లీ ఆడపిల్ల మీదే పడుతుందని. చివరికి ఆయనే వేస్తున్నారు, పొద్దున ఎనిమిదింటికి కొట్టు తెరవబోయే ముందు. డోసు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. బడిలో ఫోన్ నంబర్ మార్పించాను, ఉప్మా అన్నయ్యకు దండం.

క్లాసులో నన్ను అందరూ ఆంటీ అంటున్నారు. ఒక లెక్చరర్ నాకన్నా ఆరేళ్లు చిన్న, ఆవిడ నన్ను మేడమ్ అంటుంది, నేను ఆవిడను మేడమ్ అంటాను. బీఈడీ సెకండియర్ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, సగం పీరియడ్లు ఖాళీ. ఆ ఖాళీలో లైబ్రరీలో టెట్ పుస్తకం చదువుతున్నా. ఇంట్లో ఇన్నేళ్లలో నాకు వరసగా రెండు గంటలు ఎప్పుడూ దొరకలేదు. బస్సులో సీటు దొరికితే అదొక గంట.

ఇబ్బంది లేదని కాదు. మొన్న బాబు లెక్కల పరీక్షకు 25కి 9 తెచ్చుకున్నాడు. నా మొహం చూసి మావారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధేసింది. పాప పదో తరగతి ఏడాది ఎలా గడుస్తుందో తలుచుకుంటే ఇప్పటినుంచే టెన్షన్.

బుధవారం నా మొదటి మైక్రో టీచింగ్, ఆరు నిమిషాలు, ఎదురుగా పది మంది తోటి విద్యార్థులు. చాక్‌పీసు సార్, మా కాలేజీలో నాకు ప్రశ్నలడిగే నైపుణ్యం ఇచ్చారు, టాపిక్ నా ఇష్టమన్నారు. పువ్వు తీసుకుందామనుకుంటున్నా. మా పెరట్లో ఉన్నది ముద్దమందారం, అందులో కేసరాలు సరిగ్గా కనిపించవు కదా?

చాక్‌పీసు (ఆదివారం, రాత్రి 8:15)

కనిపించవు. రేకమందారం కావాలి. లేకపోతే ఉమ్మెత్త తీసుకో, రోడ్డు పక్కనే దొరుకుతుంది. కోశాక చెయ్యి మాత్రం బాగా కడుక్కో.