పర్క్ వాసన తెలియకుండా పోతే ప్రమాదం తగ్గినట్టేనా?

ప్రశ్న:
మా మామయ్య గారు ఇరవై ఏళ్లుగా డ్రై క్లీనింగ్ దుకాణం నడుపుతున్నారు. వెనుక గదిలో రెండు పాత మెషీన్లు ఉన్నాయి. ఒకదానిలో ఉతికిన బట్టలను తడిగానే చేతులతో తీసి రెండోదానిలో ఆరబెడతారు. నీళ్లకు బదులు వాడేది పర్క్లోరోఎథిలీన్ అనే ద్రవం, అక్కడ అందరూ పర్క్ అంటారు. సెలవులకు వెళ్లినప్పుడు మొదటి రోజు ఆ తియ్యటి ఘాటుకు నా తల దిమ్మెక్కింది, మూడో రోజుకు వాసనే తెలియలేదు. "ఇది పెట్రోలు కాదు, నిప్పు అంటుకోదు, భయమెందుకు" అన్నది మామయ్య గారి మాట. అడుగున మిగిలే నల్లటి మడ్డిని పెరట్లో పోస్తారు. అక్కడ శుభ్రం చేయించిన పట్టుచీరలు, ఉన్ని కోటు నా దగ్గర ఉన్నాయి. నేను దేనికి జాగ్రత్త పడాలి?

జవాబు 1 (రసాయనశాస్త్రం బోధిస్తాను):
నిప్పు అంటుకోదన్న మాట నిజమే, డ్రై క్లీనింగ్‌లో పెట్రోలు స్థానంలోకి పర్క్ రావడానికి కారణమే అది. అయితే దాని ఆవిరి సిగరెట్ మంటకో ఎర్రగా కాలిన హీటరుకో తగిలితే విచ్ఛిన్నమై ఫాస్జీన్ వంటి విషవాయువులు పుడతాయి, కనుక ఆ గదిలో బీడీ వెలిగించడం కూడా తప్పే. వాసన తెలియకపోవడం ముక్కు అలవాటు పడటం వల్లనే తప్ప ఆవిరి తగ్గడం వల్ల కాదు. ఆ ఆవిరి గాలి కంటే దాదాపు ఆరు రెట్లు బరువు. పై కిటికీ తెరిచినా నేల దగ్గర నిలిచిపోతుంది, అందుకే గాలి లాగే ఫ్యాన్ కింద ఉండాలి. ఒంట్లోకి వెళ్లినది కొవ్వులో చేరి, ఎక్కువ భాగం మారకుండానే రోజుల తరబడి ఊపిరిలో బయటికి వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో ఉంచింది; లోహపు భాగాల జిడ్డు తీయడానికి వాడే దీని దాయాది ట్రైక్లోరోఎథిలీన్ నిర్ధారిత వర్గంలోనే ఉంది.

మీ పట్టుచీరల సంగతి అంత భయపడవలసినది కాదు, పట్టు పర్క్‌ను పెద్దగా పట్టి ఉంచదు. ఉన్ని పట్టి ఉంచుతుంది. ఆ కోటును ప్లాస్టిక్ కవరు తీసి, పడకగదిలో కాకుండా వరండాలో రెండు మూడు రోజులు వేలాడదీయండి. అసలు బెంగ రోజూ ఆ తడి బట్టలు మోసే చేతుల గురించి పడాలి.

జవాబు 2 (నాకూ ఇదే వ్యాపారం):
పెద్దవాళ్లకు క్యాన్సర్ అంటే వినరండీ, డబ్బు లెక్కలో చెప్పండి. తడి బట్ట ఒక మెషీను నుంచి ఇంకొకదానికి మారేటప్పుడు గాలిలో కలిసిపోయేది మనం కొనుక్కున్న సరుకే. ఉతుకూ ఆరబెట్టడమూ ఒకే డ్రమ్ములో జరిగే మెషీను తెచ్చాక నాకు పర్క్ కొనుగోలు స్పష్టంగా తగ్గింది. ఇది 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది కనుక వాడినదాన్ని స్టిల్ అనే పాత్రలో మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి మళ్లీ వాడుకుంటాం. అడుగున మిగిలే ఆ మడ్డిలోనూ పర్క్ ఉంటుంది. డోరు గాస్కెట్, అంటే తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీని, ఒకసారి వేలితో తడిమి చూడమనండి, గట్టిపడి పగిలి ఉంటే లీకు అక్కడే. స్టిల్ వేడిగా ఉండగా మూత తీయడం మాత్రం ఎంత గిరాకీ ఉన్నా వద్దు, నేను ఒకసారి తీసి అక్కడే కూలబడ్డాను.

జవాబు 3:
పై ఇద్దరూ పెరటి సంగతి తేలికగా వదిలేశారు. పర్క్ నీటి కంటే 1.6 రెట్లు బరువు. నూనెలా పైన తేలదు, భూగర్భజలాన్ని చేరాక కూడా కిందికే దిగి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కరుగుతుంది. తాగునీటిలో అమెరికా అనుమతించే గరిష్ఠ మోతాదు లీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆ లెక్కన ఒక్క లీటరు పర్క్ 32 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. నార్త్ కరోలినాలోని క్యాంప్ లజూన్ సైనిక స్థావరంలో ఒక నివాస ప్రాంతపు బావులు కలుషితమైనది శిబిరం బయటి డ్రై క్లీనింగ్ దుకాణం వల్లనే. ఆ బావులను 1985లో మూసేశారు. అదే దేశం 2024 డిసెంబరులో డ్రై క్లీనింగ్‌లో పర్క్‌ను పదేళ్లలో దశలవారీగా ఆపాలని నిబంధన తెచ్చింది. మడ్డిని మూత బిగిసే డ్రమ్ములో నింపి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికే ఇవ్వాలి. పెరట్లో బోరు ఉందా?

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ, మడ్డి పోసే చోటికి పది అడుగులు కూడా లేదు. ఇంట్లో తాగేది ఆ నీళ్లే. ఇప్పుడే ఫోన్ చేశాను, రేపటి నుంచి క్యాన్ నీళ్లు తెప్పించుకుంటామన్నారు. ల్యాబుకు నమూనా పంపడానికి నేనే ఆదివారం వెళుతున్నాను. మామయ్య గారు గాస్కెట్ గురించి మాత్రం రెండుసార్లు అడిగారు.