లిస్టింగ్ గడువు ముగిశాక అమ్ముకున్నా ఏజెంటుకు కమిషన్ ఇవ్వాలా?

ఫ్రిస్కో_శ్రీను: టెక్సాస్‌లో మా ఇల్లు ఆరు నెలలు లిస్టింగ్‌లో (ఏజెంటు ద్వారా అమ్మే ఒప్పందంలో) ఉన్నా అమ్ముడుపోలేదు. గడువు అయిపోయిన మూడు వారాలకు, ఓపెన్ హౌస్‌కి (ఎవరైనా వచ్చి ఇల్లు చూసి వెళ్లే రోజుకి) వచ్చి వెళ్లినవాళ్లే నేరుగా ఫోన్ చేసి రేటు ఖాయం చేసుకున్నారు. ఇప్పుడు పాత ఏజెంటు 'ప్రొటెక్షన్ పీరియడ్' (లిస్టింగ్ ముగిశాక కూడా కొన్నాళ్లు ఏజెంటుకు కమిషన్ హక్కు ఉండే గడువు) అంటూ పూర్తి కమిషన్ అడుగుతున్నాడు. అమ్మిపెట్టలేని మనిషికి డబ్బెందుకండీ?

గోదారోడు: ఆ పార్టీని మీ గుమ్మం దాకా తెచ్చింది ఆయనే కదా! ఈ షరతే లేకపోతే ఇద్దరూ కూడబలుక్కుని గడువు దాటేదాకా ఆగుతారు. హైదరాబాద్‌లో ప్లాట్లు చూపించే మధ్యవర్తులను అడగండి, పెట్రోలు ఖర్చు కూడా దక్కని సంగతులు చెబుతారు.

లక్ష్మి_ప్లేనో: న్యాయం సంగతి తర్వాత, ముందు కాగితం చూడండి. టెక్సాస్ రియల్టర్ల సంఘం ఫారమైతే, లిస్టింగ్ ముగిసిన 10 రోజుల్లోగా, లిస్టింగ్ సమయంలో ఇంటి గురించి తెలిసినవాళ్ల పేర్ల జాబితాను ఆయన మీకు రాతపూర్వకంగా పంపి ఉండాలి. అందులో ఉన్నవాళ్లు గానీ వాళ్ల బంధువులు గానీ ఆ పీరియడ్‌లో కొంటేనే కమిషన్. పీరియడ్ ఎన్ని రోజులన్నది ఫారంలో ఖాళీగా ఉంటుంది, బేరమాడి రాయించుకోవాల్సిందే. జాబితా వచ్చిందా?

ఫ్రిస్కో_శ్రీను: వచ్చింది. ఓపెన్ హౌస్ పుస్తకంలో సంతకం చేసిన ప్రతివాళ్ల పేరూ ఎక్కించాడు. కుకీలు తినడానికి వచ్చిన పక్కింటాయనతో సహా!

గోదారోడు: అది మాత్రం అన్యాయమే. తర్వాత ఒక్క ఫోనైనా చేయని పేర్ల మీద హక్కేంటి?

లక్ష్మి_ప్లేనో: అందుకే పక్కింటివాళ్లు, చుట్టాలు కొనే అవకాశం ఉంటే వాళ్ల పేర్లు మినహాయింపుగా సంతకానికి ముందే రాయించాలి. లిస్టింగ్ ఒప్పందం 'ఎక్స్‌క్లూజివ్ రైట్ టు సెల్' రకమైతే, అది నడుస్తుండగా మీ బావమరిది కొన్నా కమిషన్ కట్టాల్సిందే. 'ఎక్స్‌క్లూజివ్ ఏజెన్సీ' రకంలో మీరు సొంతంగా వెతుక్కున్న పార్టీకి అక్కర్లేదు.

ఫ్రిస్కో_శ్రీను: ఇంకా కాంట్రాక్టు రాసుకోలేదు. వేరే బ్రోకరుకు ఎక్స్‌క్లూజివ్‌గా (అతనొక్కడికే) లిస్టింగ్ ఇచ్చేస్తే పాతాయన పీడ పోతుందటగా?

లక్ష్మి_ప్లేనో: ఆ బ్రోకరు కూడా అదే సంఘం సభ్యుడై, మీరు అతనికి ఫీజు కట్టాల్సి ఉంటే ఫారంలో ఆ వెసులుబాటు ఉంది. కానీ బేరం కుదిరే సమయానికే అతని లిస్టింగ్ ఉండాలి. మీరేమో రేటు ఖాయం చేసుకున్నామంటున్నారు. ఏదైనా సంతకం పెట్టేముందు లాయరుకు చూపించండి.

గోదారోడు: లాయరు ఫీజు, కొత్త బ్రోకరు ఫీజు కలిపి చూసుకోండి సార్. పాతాయనతో సగానికి మాట్లాడుకుంటే చవకేమో!