కొత్తగా డాలస్ వచ్చాం, బాబు స్కూల్ బ్యాండ్‌లో చేరతానంటున్నాడు: విశాఖ వాళ్ల సలహా కావాలి

ఎంవీపీ కాలనీ:

నమస్కారం అండీ. మేం జూన్‌లో వైజాగ్ నుంచి డాలస్ దగ్గరికి వచ్చాం. బాబు ఆగస్టులో ఆరో తరగతిలో చేరతాడు. ఎలెక్టివ్ ఏదో ఒకటి ఎంచుకోమని స్కూల్ నుంచి ఫారం వచ్చింది. బ్యాండ్, ఆర్కెస్ట్రా, కాయిర్, ఆర్ట్, థియేటర్ ఉన్నాయి. వాడు బ్యాండే అంటున్నాడు, అందులోనూ ట్రాంబోన్ కావాలట, అదే, గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పెద్ద బాకా. మావారేమో "వచ్చిన కొత్తలో చదువు మీద ధ్యాస పెట్టనివ్వు, ఈ బాకాలు ఎందుకు" అంటున్నారు. అక్కడ ఉన్నప్పుడు వీడు కర్ణాటక వయొలిన్ నేర్చుకునేవాడు, అది ఆన్‌లైన్‌లో కొనసాగాలని మా అత్తగారి కోరిక. మేముండేది అపార్ట్‌మెంట్‌లో, రెండో అంతస్తు. ఖర్చెంత, టైమెంత, నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా? అసలు బ్యాండ్ అంటే మన ఆగస్టు 15 మార్చ్‌పాస్ట్‌కి డ్రమ్ము వాయిస్తారే, అలాంటిదేనా? కాస్త చెప్పగలరు.

ఉక్కునగరం:

ఆఖరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, ఎందుకంటే అది తేలితే మిగతావి వాటంతట అవే తేలతాయి. అలాంటిది కాదు. ఇక్కడ బ్యాండ్ అంటే ఊదే వాయిద్యాలు, డ్రమ్ములు నేర్పే క్లాసు, టైంటేబుల్లో ఒక పీరియడ్. దానికి టీచర్ ఉంటారు, మార్కులుంటాయి, రిపోర్ట్ కార్డులో గ్రేడ్ వస్తుంది. సాయంత్రం కచేరీకి రాకపోతే చాలా స్కూళ్లలో మార్కులు పోతాయి. మనవైపు ఎనిమిదో తరగతి రాగానే డాన్సు, పాట, షటిల్ అన్నీ అటకెక్కించి ఐఐటీ ఫౌండేషన్‌లో పడేస్తాం కదా. ఆ లెక్కలోనే ఉండి "వచ్చేవారం మ్యాథ్స్ టెస్టు ఉంది, బ్యాండ్‌కి పంపలేం" అని మెయిల్ పెట్టిన తల్లిదండ్రులను చూశాను. మ్యాథ్స్ టెస్టు ఉంది కాబట్టి సైన్సు క్లాసుకి పంపలేం అంటే ఆ టీచర్‌కి ఎలా ఉంటుందో, బ్యాండ్ డైరెక్టర్‌కీ అలాగే ఉంటుంది.

మీవారికి ఇంకో సంగతి చెప్పండి. టెక్సాస్‌లో 1984లో ఒక చట్టం వచ్చింది, "నో పాస్, నో ప్లే" అంటారు. సబ్జెక్టులో 70 కంటే తగ్గితే పోటీలకు, మ్యాచ్‌లకు పంపరు. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది. అందుకని పిల్లాడి మార్కుల మీద మీకంటే ముందు డైరెక్టర్ కన్నే పడుతుంది. మా పెద్దవాడి లెక్కల గ్రేడు జారుతోందని మొదట మాకు చెప్పింది వాళ్ల డైరెక్టరే.

ఆరో తరగతి బ్యాండ్ తేలికే. ముందు "ఇన్‌స్ట్రుమెంట్ టెస్టింగ్" అని ఒకరోజు పిలుస్తారు. పిల్లాడి పెదాలు, పళ్లు, చేతి పొడవు చూసి, నాలుగైదు వాయిద్యాలు ఊదించి, ఇదీ అదీ నప్పుతాయని చెప్తారు. అక్కడ మనవాళ్లంతా ఫ్లూట్, లేకపోతే శాక్సఫోన్ అని పట్టుబడతారు. తీరా అందరూ అవే అడిగితే ఆ సెక్షన్లు కిక్కిరిసిపోతాయి. ట్రాంబోన్ అడిగే పిల్లాడిని చూస్తే డైరెక్టర్ ముఖం వెలిగిపోతుంది. కాబట్టి అడగనివ్వండి. పొట్టి చేతులకు స్లైడ్, అంటే ఆ జరిపే గొట్టం, ఏడో పొజిషన్ దాకా, అంటే చివరి చోటు దాకా అందదు, దానికి కంగారు పడకండి, మొదటి ఏడాది దాని అవసరం పెద్దగా రాదు.

వాయిద్యం కొనకండి, అద్దెకు తీసుకోండి. నెలకు 30, 40 డాలర్ల నుంచి మొదలవుతుంది. రిపేరు కవరేజీ కూడా కలిపి తీసుకోండి, ఎందుకంటే ఆరో తరగతి పిల్లాడు ట్రాంబోన్ స్లైడ్‌ని ఎక్కడో ఒకచోట తలుపుకి కొడతాడు. సొట్ట పడిన స్లైడ్ జరగదు. ఆన్‌లైన్‌లో మిలమిలలాడే నీలం, ఎరుపు రంగుల్లో చవగ్గా దొరికేవి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. చాలా రిపేరు షాపులు వాటిని ముట్టుకోవు. ట్యూబా, బసూన్, ఫ్రెంచ్ హార్న్ లాంటి పెద్దవీ ఖరీదైనవీ చాలాచోట్ల స్కూలే ఇస్తుంది. అద్దె కష్టమైతే మొహమాటపడకుండా డైరెక్టర్‌ని అడగండి, స్కూల్ స్టోర్‌రూములో పాతది ఒకటి ఉండే అవకాశముంది.

ఇక ఇంట్లో మోత. మొదటి వారాల్లో మౌత్‌పీస్ ఒక్కటే ఇంటికి పంపుతారు. బాతు కూత వినిపిస్తే అది మంచి సూచనే. తర్వాత మొత్తం వాయిద్యం వస్తుంది, అప్పుడు ఏనుగొచ్చిందని గ్రహించండి. క్లారినెట్ అయితే కీచుమంటుంది, ఫ్లూట్ అయితే గాలి తప్ప ఏమీ రాదు, పైగా ఎక్కువ ఊది పిల్లలకు కళ్లు తిరుగుతాయి. డ్రమ్ములైతే హాయి అనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు రబ్బరు ప్యాడ్‌తో పాటు లోహపు పలకల బెల్స్ కిట్ కూడా ఇస్తారు, ఆ శబ్దం గోడలు దాటి పోతుంది. ఈ దశ క్రిస్మస్ సెలవుల దాకా ఉంటుంది, ఓర్చుకోవాలి. "ఏంట్రా ఆ గోల" అని ఒక్కసారి అన్నా, తలుపేసుకుని వాయించినట్టు నటించడం మొదలుపెడతారు.

అసలు బరువు హైస్కూల్లో పడుతుంది. అది మార్చింగ్ బ్యాండ్, అంటే మైదానంలో వరసలుగా నడుస్తూ వాయించడం. దాని గురించి ఇప్పుడే ఎందుకంటే, ఇది తెలియక ఎనిమిదో తరగతి చివర అందరూ టెన్షన్ పడతారు. ఆగస్టు ఎండలో, పార్కింగ్ లాట్ తారు మీద, సమ్మర్ బ్యాండ్. మన మే నెల వైజాగ్‌లో కనీసం సముద్రపు గాలి తగులుతుంది, ఇక్కడ అదీ లేదు. స్కూలు తెరిచాక క్లాసు బయట రిహార్సల్ వారానికి ఎనిమిది గంటలు దాటకూడదని టెక్సాస్‌లో రూలుంది. రూలు అలా ఉన్నా, దింపడం, తీసుకురావడం, వేచి ఉండడం మన లెక్కలో ఎవరూ వేయరు. శుక్రవారం రాత్రి స్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో వాయించాలి, అక్టోబరు శనివారాలన్నీ బ్యాండ్ పోటీలు. ఫీజు వందల డాలర్లలో ఉంటుంది, కొన్ని చోట్ల వెయ్యి దాటుతుంది, వాయిదాల్లో కట్టనిస్తారు. ఆ కోర్సు పీఈ (వ్యాయామం క్లాసు) క్రెడిట్ కింద చెల్లుతుంది, అది ఒక ఉపశమనం.

అందుకే నేను అందరికీ చెప్పేది, వాడికి ఇష్టమా కాదా అని ఒక్కటే చూడకండి, మీ ఇంటి వారం ఎలా ఉందో కూడా చూడండి. రెండు కార్లున్నాయా? చిన్నపిల్ల ఉందా? మీవారి మీటింగులు రాత్రి ఇండియా టీమ్‌తోనా? వాయించేది ఒక్కడైనా తిరగాల్సింది ఇంటిల్లిపాదీ. ఆ తిరుగుడు ముందే ఒప్పుకుని చేరినవాళ్లు సంతోషంగా ఉన్నారు. ఒప్పుకోకుండా చేరి ప్రతి శుక్రవారం పిల్లాడి మీద విసుక్కునేవాళ్లు, పాపం, ఇద్దరూ కష్టపడుతున్నారు.

ఎంవీపీ కాలనీ:

అక్కా, చాలా థ్యాంక్స్. కారు ఒక్కటే ఉంది, నాకింకా లైసెన్సు రాలేదు. బూస్టర్ క్లబ్ అని ఏదో వాలంటీర్ ఫారం కూడా పంపారు. నేను హెచ్4 మీద, అంటే మావారి మీద ఆధారపడిన వీసా మీద ఉన్నాను, సంతకం పెట్టొచ్చా?

గాజువాక:

అక్కా, ట్రాంబోన్ తండ్రిని నేను. అపార్ట్‌మెంట్ సంగతి నేను చెప్తాను.

కింది ఇంటివాళ్ల దగ్గరికి మీరే ముందు వెళ్లండి, ఏదైనా స్వీట్ పట్టుకుని. ఫలానా టైముకి అరగంట వాయిస్తాడు, ఇబ్బందైతే చెప్పండి అనండి. ఇక్కడి అపార్ట్‌మెంట్లకు గోడలు చెక్కవీ జిప్సం బోర్డువీ, మన సిమెంటు గోడలు కావు. లీజులో క్వయెట్ అవర్స్ రాసి ఉంటాయి, చూసుకోండి. చెప్పకుండా వాయిస్తే లీజింగ్ ఆఫీసుకి ఫిర్యాదు పోతుంది, చెప్పి వాయిస్తే చాలామంది సర్దుకుపోతారు. బట్టల క్లాజెట్‌లో నిలబెట్టి వాయించమనండి, బట్టలు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ప్రాక్టీస్ మ్యూట్ అని బెల్‌లో, అంటే ట్రాంబోన్ వెడల్పాటి మూతిలో, శబ్దం తగ్గడానికి పెట్టుకునేది దొరుకుతుంది, కానీ రోజూ దాంతోనే వాయిస్తే ఊపిరి అలవాటు చెడుతుంది. రాత్రి పొద్దుపోయాక మాత్రమే వాడండి. ఇంకోటి, స్లైడ్ చివర నీళ్లు తీసే మీట ఉంటుంది. కార్పెట్ మీద పాత తువ్వాలు వేయండి. అది ఉమ్ము కాదు, ఎక్కువ భాగం ఊపిరి చల్లబడి చేరిన తేమ, కానీ మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

బూస్టర్ క్లబ్ అంటే బ్యాండ్‌కి సాయం చేసే తల్లిదండ్రుల సంఘం. హెచ్4 మీద జీతం లేని వాలంటీర్ పని చేయొచ్చు, చాలామంది చేస్తున్నారు. స్కూల్ డిస్ట్రిక్ట్ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, ఆలస్యం చేయకండి, అది రాకపోతే లోపలికి రానివ్వరు. కన్సెషన్ స్టాండ్‌లో, అంటే మ్యాచ్‌ల దగ్గర తినుబండారాల కొట్టులో వేస్తే హాట్ డాగ్‌లు, అంటే మాంసం, పట్టుకోవాల్సి వస్తుంది. మీకు పట్టింపు ఉంటే ముందే చెప్పండి, క్యాష్ దగ్గరో, నీళ్ల సీసాల దగ్గరో వేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. నేనైతే పిట్ క్రూలో ఉన్నాను. అంటే మరింబాలు (చెక్క పలకల పెద్ద వాయిద్యాలు), స్పీకర్లు, ప్లాట్‌ఫారాలు మైదానంలోకి పరుగున తోసుకెళ్లి, వాయించడం అవగానే పరుగున వెనక్కి తోసుకురావడం. పదిమంది నాన్నలం కలిసి, నిజం చెప్పాలంటే ఈ దేశంలో నాకు దోస్తులు దొరికింది అక్కడే.

కార్‌పూల్ దొరకదని భయపడొద్దు. సెక్షన్ పిల్లల తల్లిదండ్రులకు వాట్సాప్ గ్రూపో ఇంకేదో ఉంటుంది, దాంట్లో చేరి మీ అపార్ట్‌మెంట్ పేరు పెట్టండి.

పెదవాల్తేరు:

ఉక్కునగరం అక్క చెప్పినవన్నీ నిజమే కానీ నేను వేరే దారి చెప్తాను. వచ్చిన మొదటి ఏడాది. పిల్లాడికి యాస కొత్త, లంచ్ కొత్త, లాకర్ తాళం కూడా కొత్తే. దానికి తోడు మనవాళ్లు బ్యాండ్, చెస్, రోబోటిక్స్, స్పెల్లింగ్ బీ, కూచిపూడి, ఆదివారం తెలుగు బడి అన్నీ ఒకేసారి చేర్పిస్తారు. పక్కింటివాళ్ల పిల్లలు చేరారని మనమూ. మా వీధిలో ఒక పిల్ల కార్లోనే భోంచేసి, కార్లోనే హోంవర్క్ చేసి, కార్లోనే నిద్రపోతుంది. బ్యాండ్, వయొలిన్, ఈ రెండూ చాలు. ఒకటి స్కూల్లో, ఒకటి ఇంట్లో, అంతే. మూడోది ఎవరు చెప్పినా వద్దనండి, ఈ గుంపులో వాళ్లు చెప్పినా సరే.

మధ్యలో మానేయడం గురించి ఎవరూ చెప్పలేదు. ఏడాది మధ్యలో వదలనివ్వడం కష్టం, అది క్లాసు కాబట్టి. ఏడాది చివర వదలొచ్చు. కానీ ఆరులో చేరనివాళ్లు ఏడులో చేరడం కష్టం, ఎందుకంటే బిగినర్ క్లాసు సాధారణంగా ఆరో తరగతిలోనే. సందేహంగా ఉంటే చేరడమే మేలు.

కచేరీ రోజుకి నల్ల ప్యాంటు, నల్ల చొక్కా, నల్ల బూట్లు, నల్ల సాక్సులు. తెల్ల సాక్సులతో వెళ్తే స్టేజీ మీద అవే కనిపిస్తాయి. పిల్లాడు ముక్కాలు గంట ముందుండాలి. బిగినర్లు మొదట వాయిస్తారు, వాళ్లది అవగానే కెమెరా మూసి లేచి రాకండి, పెద్ద పిల్లల బ్యాండ్ అయ్యేదాకా కూర్చోవాలి. మనవాళ్లకు ఈ విషయంలో కొంచెం చెడ్డపేరుంది.

లాసన్స్ బే:

అమ్మాయ్, నేను మీ అందరికంటే పెద్దవాడిని, ఇప్పుడు విశాఖలోనే ఉంటున్నాను. మా అమ్మాయి దగ్గర ఆరు నెలలుండి మనవడి ట్రాంబోన్ విన్నవాడిని. వయొలిన్ గురించి నాలుగు మాటలు చెప్పనివ్వు.

ఆర్కెస్ట్రాలో చేర్చితే వయొలిన్ కలిసొస్తుందని మీ అత్తగారికి అనిపిస్తుంది. అంత సులువు కాదు. మనవాళ్లు కింద కూర్చుని వయొలిన్ తలను పాదం మీద ఆనించి, స ప స ప అని శ్రుతి చేసి వాయిస్తారు. అక్కడ గడ్డం కింద పెట్టుకుని, జి డి ఎ ఇ అని తీగలు బిగిస్తారు. అదే వయొలిన్‌తో రెండూ చేయాలంటే రోజూ తీగలు మార్చి బిగించాలి, చిన్న చేతులకు పట్టు కుదరదు. దానికంటే స్కూల్లో ట్రాంబోన్, ఇంట్లో వయొలిన్ మంచిది. ట్రాంబోన్ స్లైడ్‌కి వయొలిన్ తీగకు లాగే గీతలుండవు, స్వరం ఎక్కడుందో చెవే చెప్పాలి. శ్రుతి తెలిసిన పిల్లాడు అక్కడ ముందుంటాడు. మొదట నేర్పేది బి ఫ్లాట్ స్కేలు, అంటే మన ఆరున్నర శ్రుతిలో శంకరాభరణం. శ్రుతి పెట్టె ఆరున్నరకు పెట్టి, దాంతో కలిపి ఊదమను, తేడా మీకే తెలుస్తుంది.

అత్తగారు ఇంకా ఒప్పుకోకపోతే నొట్టుస్వరాలు గుర్తుచెయ్. ముత్తుస్వామి దీక్షితర్ ఇంగ్లీషు వాళ్ల బాణీలకు సంస్కృత సాహిత్యం కట్టినవి. వయొలిన్ మనకు అబ్బింది కూడా ఆ రోజుల్లోనే, ఆయన తమ్ముడు బాలుస్వామి మద్రాసులో యూరోపియన్ దగ్గర నేర్చుకున్నాడు. ఆ వయొలిన్‌నే మన విశాఖలో పెరిగిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఏ ఎత్తుకు తీసుకెళ్లారో ఆవిడకు నువ్వు చెప్పక్కర్లేదు. చిన్నవి రెండు నొట్టుస్వరాలు గురువుగారి చేత ఆరున్నరలో రాయించుకుని ట్రాంబోన్ మీద వాయించమను. మా మనవడు వాయిస్తే మా ఆవిడ ఫోన్‌లో రికార్డు చేసి చుట్టాలందరికీ పంపింది.

ఆన్‌లైన్ క్లాసు శనివారం మీ పొద్దున ఏడున్నరకు పెట్టుకో. వేసవిలో మాకది సాయంత్రం ఆరు. నవంబరు మొదటి ఆదివారం మీ గడియారాలు వెనక్కి జరిగాక ఏడవుతుంది, మార్చి రెండో ఆదివారం మళ్లీ ఆరు. ఇది గురువుగారికి ముందే చెప్పి ఉంచు, లేకపోతే నవంబరులో ఆయన, మార్చిలో మీవాడు గంటసేపు ఖాళీ తెర ముందు కూర్చోవాలి.

కచేరీకి లైవ్ లింక్ ఇస్తారేమో కనుక్కో. డిసెంబరులో మీ సాయంత్రం ఏడంటే మాకు మర్నాడు తెల్లవారి ఆరున్నర, మే నెలలో అయితే ఐదున్నరే. లింక్ ముందు రోజే అత్తగారికి పంపు, ఆ పొద్దున్నే ఓటీపీలు, పాస్‌వర్డ్‌లు అడిగితే పెద్దవాళ్ల వల్ల కాదు.