బిన్నీ మిల్లు వాళ్ల 1920 దావా కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?

నమస్కారం అండీ. మా అమ్మాయి ఎల్‌ఎల్‌బీ చదువుతోంది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం మీద ప్రాజెక్టు రాస్తూ నన్నూ అందులోకి లాగింది. 1918లో పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ అనే కార్మిక సంఘం మీద, అక్కడ బట్టల మిల్లులు నడిపిన బిన్నీ కంపెనీ హైకోర్టుకెక్కింది కదా, కూలీల చేత పని ఒప్పందం తప్పిస్తున్నారని. 1920లో ఆ యూనియన్ నాయకుడు బి.పి. వాడియా గారి మీద ఇంజంక్షన్ (ఆ పని చేయొద్దనే కోర్టు ఉత్తర్వు) కూడా తెచ్చుకుంది. లాఠీ దెబ్బ కన్నా ఆ కాగితం దెబ్బే గట్టిదని నాకనిపిస్తుంది. యూనియన్ల మీద అలాంటి దావాలు చెల్లవని ఆ 1926 చట్టంలో 18వ సెక్షన్ వచ్చేసరికి ఆరేళ్లు పట్టింది మరి!

ఆ దావా ప్రతి, ఇంజంక్షన్ ఉత్తర్వు చెన్నైలో ఎక్కడ చూడొచ్చు? ఎగ్మోర్‌లో పాత ప్రభుత్వ రికార్డులుండే తమిళనాడు ఆర్కైవ్స్‌లోనా, హైకోర్టు రికార్డు రూములోనా? కాలేజీ ఉత్తరం చూపిస్తే జిరాక్స్ ఇస్తారా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా చెబితే సికింద్రాబాద్‌లో రైలెక్కుతాం.